పదకొండో పేరు

పందొమ్మిది వందల నలభై మూడు ఏప్రిల్ నాటికి మా బ్రిగ్‌వెల్ ఫుట్‌బాల్ జట్టులో బ్రిగ్‌వెల్ వాళ్ళు నలుగురే మిగిలారు. తతిమ్మా అంతా అరువు సరుకే. దగ్గర్లో ఏ పటాలం దిగితే ఆ పటాలంలో ఆట వచ్చినవాడిని బతిమాలి తెచ్చుకోవడం, శనివారం ఆడించడం, సోమవారం వాడు ఓడెక్కేస్తే మళ్ళీ వేటకి పోవడం. క్లబ్ కార్యదర్శి అన్న పేరే గానీ మూడేళ్ళుగా నేను చేస్తున్నది ముష్టెత్తడమే.

దేశమంతా ఆడే లీగ్ యుద్ధంతోపాటే ఆగిపోయింది. రైళ్ళు సైన్యానివి, పెట్రోలు కంటికి కనబడదు. అందుకని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం మాలో మేమే లీగ్ కట్టుకుని, చివర్లో ఒక కప్పు పోటీ పెట్టుకున్నాం. కప్పులో మాకు కోల్డెన్ తగిలింది. ఒక ఆట వాళ్ళ ఊళ్ళో, వారం తర్వాత రెండోది మా ఊళ్ళో. రెండిటి గోల్స్ కలిపి గెలుపు తేలుస్తారు. మొదటి ఆటకి సరిగ్గా ముందురోజు, శుక్రవారం మా లెఫ్ట్ వింగ్ కుర్రాడిని సైన్యం ఎటో పంపేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. సాయంత్రానికి ట్రైనర్ సేత్ ఒక స్కాట్లాండ్ సిపాయిని పట్టుకొచ్చాడు. పొట్టివాడు, ఎర్రజుట్టు, పేరు లైల్.

"నా పేరు మాత్రం పేపర్లో పడకూడదు పెద్దాయనా," అన్నాడు లైల్. "కిందటిసారి ఆడి మోకాలు వాచింది. మళ్ళీ ఆడానని తెలిస్తే మా సార్జెంటు నాచేత ఆరు వారాలు బంగాళాదుంపల చెక్కు తీయిస్తాడు."

బయటివాడు ఆడాలంటే పైఅధికారి అనుమతి కాగితం ఉండాలి. దొంగపేర్లు రాస్తే జట్టునే తీసేస్తామని లీగ్ వాళ్ళు అప్పటికే ఉత్తరం రాశారు. మా జాబితాలో ఉన్న పేరైతే మాత్రం ఎవరూ అడగరు. యుద్ధానికి పోయినవాళ్ళ పేర్లు ఒక్కటీ మేం కొట్టేయలేదు. కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.

"క్లెమ్ పేరు రాసెయ్ ఏమస్," అన్నాడు సేత్. "వాడిదీ లెఫ్ట్ వింగేగా. వాడేమన్నా వద్దంటాడా?"

సింగపూర్ జపాన్ వాళ్ళ చేతికి పోయిన రోజు నుంచి క్లెమ్ ఆర్మరాడ్ జాడ లేదు. పద్నాలుగు నెలలు. పోయాడని కాగితం రాలేదు, ఉన్నాడని ఉత్తరం రాలేదు. నేను పదకొండో పేరుగా క్లెమ్‌ని రాసేశాను. కోల్డెన్ ముప్పై మైళ్ళు, మా ఊరివాళ్ళెవరూ రారు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా శనివారం సాయంత్రం పేపరుకి ఫోన్ చేసి పేర్లు చెప్పేది నేనే, అయినా పేపరు సంగతి నాకే తట్టలేదు. నాలాంటి బుర్ర పగవాడికి కూడా వద్దు.

రెండు ఒకటితో గెలిచాం. రెండు గోల్సూ లైల్ కొట్టాడు.

సోమవారం మధ్యాహ్నం హెట్టీ ఆర్మరాడ్ మైదానం పక్కనున్న నా గదికి వచ్చింది. క్లెమ్ తల్లి. చిన్నప్పుడు ఒకే బళ్ళో చదువుకున్నాం. చంకలో క్లెమ్ ఆట బూట్లున్నాయి, కొవ్వు రాసి మెరిసేలా తుడిచి ఉన్నాయి. రేషన్‌లో దొరికే కొవ్వు వేపుడుకే చాలదు, ఆవిడ బూట్లకి రాసింది.

"వాడు ఇంటికి రాలేదు ఏమస్," అంది కూర్చోకుండానే. "పేపరు చూసి పక్కింటామె పరిగెత్తుకొచ్చింది. రెండు రాత్రులు తలుపు గడియ పెట్టలేదు నేను."

చెప్పెయ్యాలి, అప్పుడే చెప్పెయ్యాలి.

"ఎందుకు రాలేదో నాకు తెలుసులే," అంది. "వాడు సైన్యంలో చేరతానన్న రోజున, గనిలో పని చేసేవాడివి, నిన్ను ఎవరూ రమ్మనలేదు, నువ్వెందుకు పోతావురా అన్నాను. వినలేదు. పోతే పో, మళ్ళీ నా గడప తొక్కకు అన్నాను. అదే ఆఖరి మాట. మొండివెధవ, ఆ మాటే పట్టుకున్నాడు."

"హెట్టీ..." అన్నాను.

"నువ్వు వాడిని వెనకేసుకు రాకు. ఈ బూట్లు ఇవ్వు. అమ్మ ఆ మాట వెనక్కి తీసుకుందని చెప్పు. శనివారం ఎడమ పక్క కమ్మీ దగ్గర నుంచుంటాను. మాట్లాడకపోతే మానె, కనబడితే చాలు. చెప్తావుగా?"

"చెప్తాను," అన్నాను.

ఆ ఒక్కమాటకి నన్ను నేను ఈరోజుకీ క్షమించుకోలేదు. ఆ వారం రెండుసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళాను. రెండోసారి ఆవిడ గుమ్మం మెట్లు రాయి పెట్టి తోముతోంది. పండగకి తోమినట్టు తోముతోంది. చూసి వెనక్కి వచ్చేశాను.

శనివారానికి ఇంకో ఆటగాడు దొరకలేదు. లైల్‌నే దింపాం. లీగ్ మనిషి చూస్తున్నాడు కాబట్టి లౌడ్‌స్పీకర్‌లో కాగితం మీద ఉన్నదే చదివాను. "పదకొండు, ఆర్మరాడ్." ఎర్రజుట్టు పొట్టివాడు మైదానంలోకి పరిగెత్తాడు. మా ఊరివాళ్ళకి ఇలాంటివి అలవాటే, నవ్వుకున్నారు. కమ్మీ దగ్గర ఎవడో అరిచాడు, "ఏరా క్లెమ్, సింగపూర్ వానలకి తడిసి కురచైపోయావేంట్రా?" చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళ మధ్యలోనే హెట్టీ నుంచుని ఉంది, ఆదివారం టోపీ పెట్టుకుని.

ఆవిడ వెళ్ళిపోలేదు. తొంభై నిమిషాలూ అక్కడే నుంచుంది. మేం నాలుగు గోల్స్ తిన్నాం, ఒక్కటీ కొట్టలేదు.

జనం పోయాక నా గదికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. చెప్పాల్సిందంతా అప్పుడు చెప్పాను. ఇక ఎవరికీ అక్కరలేనప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఆవిడ వింటూనే బూట్లు అడిగింది. బీరువాలోంచి తీసిచ్చాను. తిరగేసి అడుగులు చూసింది. మట్టి అంటలేదు.

"మావాడు జన్మలో ఒక ఆటలో రెండు గోల్స్ కొట్టలేదు," అంది. "అది చూసైనా నాకు తెలియొద్దా? తల్లినే కదా."

"నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను హెట్టీ."

"ఎందుకు, నాకు నడవడానికి కావాలి." నవ్వబోయి మానేసింది. "ఆ కుర్రాడు, ఆ ఎర్రజుట్టు వాడు, వాళ్ళమ్మకి ఉత్తరాలు రాస్తాడా?"

"తెలియదు."

"రాయమను." కాసేపు బూట్ల తాళ్ళు సవరించింది. "నీకొక సంగతి చెప్పనా ఏమస్? ఈ వారమంతా వాడి మీద పట్టరాని కోపంగా ఉంది నాకు. ఊళ్ళోకి వచ్చి ఇంటికి రాడా అని. పొయ్యి దగ్గర నుంచుని తిట్టాను, పక్క పరుస్తూ తిట్టాను. పద్నాలుగు నెలల్లో ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. బతికున్నవాళ్ళనే కదా అలా తిడతాం."

నేను కుర్చీ ఆవిడ వైపు జరిపాను.

"వచ్చే శనివారం కూడా వాడి పేరే రాయి," అంది. "అబద్ధమని నాకు తెలుసులే. నేను మైదానానికి రాను. పేపర్లో చూసుకుంటాను, అంతే."

"వచ్చే శనివారం ఆట లేదు హెట్టీ. ఇవాళ ఓడిపోయాం కదా, కప్పులోంచి పోయినట్టే. మళ్ళీ ఆగస్టులోనే."

"ఆగస్టా," అంది. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది, మధ్యలో ఆపేసింది. బూట్లు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

జూలై ఆఖరున ఆవిడకి సైన్యం నుంచి కాగితం వచ్చింది. క్లెమ్ చనిపోయి అప్పటికి ఏడాది దాటిందట. ఆగస్టు మొదటి ఆటకి జాబితా మళ్ళీ రాయాల్సి వచ్చినప్పుడు ఆ పేరు నేనే కొట్టేశాను.