మూగబోయిన ల్యాప్‌టాప్

టైపింగ్ పరీక్ష రెండు రోజుల్లో ఉందనగా మురళీధర్ ల్యాప్‌టాప్ గొంతు పోయింది.

గరిడేపల్లిలో గొర్లు పెంచుకునే మంగయ్యకు మురళీధర్ చిన్న కొడుకు. చిన్నప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాడు, కంప్యూటర్ నేర్చుకున్నాడు. హాస్టల్ వాళ్లే ఒక పాత ల్యాప్‌టాప్ ఇచ్చి పంపారు. తెర మీద ఏముందో పైకి చదివే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. ఏ మీట నొక్కినా ఆ అక్షరం పలుకుతుంది. ఆ పలుకు లేకపోతే అతని చేతిలో అదొక బరువైన ఇనుప పలక.

డిగ్రీ అయి మూడేళ్లు గడిచినా ఉద్యోగం దొరకలేదు. 2006 ఎండాకాలంలో మిర్యాలగూడలోని ఒక సేవాసంస్థ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. టైపింగ్ పరీక్షకు సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవచ్చన్నారు. సరిగ్గా అప్పుడే దాని లోపలి స్పీకరు గరగరమని, ఆగిపోయింది.

"ఇగ ఖతం అక్కా," అన్నాడు మురళీధర్.

"ఊకె గట్లనకు. పా, సూర్యాపేట పోదాం," అంది త్రివేణి.

సూర్యాపేటలో మెకానిక్ శంకర్ బయటి స్పీకర్ల పిన్నును హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చి చూశాడు. పిన్ను మెలితిప్పితే ఒక అక్షరం పలికింది, వదిలితే ఆగింది.

"లోపల సాకెట్ ఊడిపోయింది తమ్మీ. బోర్డు హైదరాబాద్ పంపాలె. వారం పడతది."

"ఎల్లుండే పరీక్షన్నా. జర ఏమన్న చెయ్యి."

"యూఎస్‌బీకి తగిలించే స్పీకర్లుంటయి. నా దగ్గర లేవు. కోదాడల దొరకొచ్చు."

అటునుంచి అటే కోదాడ బస్సెక్కారు. అక్కడి దుకాణంలో ఆ స్పీకర్లు ఉన్నాయి. కానీ తగిలించినా చప్పుడు రాలేదు. దుకాణం యజమాని ప్రేమ్‌కుమార్ ల్యాప్‌టాప్‌ను తనవైపు తిప్పుకుని చూశాడు.

"ఇందులో విండోస్ 98 ఉందండీ. కొత్త కంప్యూటర్లయితే పెట్టగానే పలుకుతాయి. ఇది సీడీ అడుగుతోంది. ఈ రోజుల్లో ఆ సీడీ ఎవరి దగ్గరుంటది?"

మురళీధర్ బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు. ప్రేమ్‌కుమార్ అతని ముఖం చూసి అరలన్నీ వెతికించాడు. చివరకు గీతలు పడ్డ సీడీ ఒకటి దొరికింది. అది చాలాసేపు గిరగిరా తిరిగాక స్పీకర్లు పలికాయి. ఆ గొంతు వినగానే మురళీధర్ పకపకా నవ్వాడు. త్రివేణి కళ్లు తుడుచుకుంది.

"ఎప్పుడూ ఈ యూఎస్‌బీ సాకెట్‌లోనే పెట్టండి. పక్కదాంట్లో పెడితే మళ్లీ సీడీ అడుగుద్ది," అని చెప్పి పంపాడు ప్రేమ్‌కుమార్.

పరీక్ష రోజు త్రివేణి స్పీకర్లను ఆ సాకెట్‌లోనే తగిలించి, గొంతు సరిగ్గా వస్తోందని తేల్చుకుంది. పరీక్ష గదిలో మరొకరు ఉండకూడదన్నారు. ఆమె వరండాలో కూర్చుంది.

లోపల ఇంగ్లిష్ లేఖ చదివి టైపు చేయించే అధికారి లత. ఫ్యాను కిందికి వస్తుందని అటెండర్ బల్లను కొంచెం జరిపాడు. స్పీకర్ల తీగ ఊడింది. అతను మంచి మనసుతోనే వంగి, కనిపించిన రంధ్రంలో మళ్లీ దూర్చాడు. అది పక్కది.

మురళీధర్ మీట నొక్కాడు. పలుకు రాలేదు. మళ్లీ నొక్కాడు.

"మేడమ్, సౌండ్ వస్తలేదు. మా అక్కను ఒక్కసారి పిలుస్తరా?"

"బయట ఇంకా శానమంది ఉన్నరు బాబూ. సౌండ్ లేకుంటే టైపు రాదా?"

రాదంటే, గుడ్డివాడు దేనికీ పనికిరాడని రాసుకుంటారేమో.

"వస్తది మేడమ్. స్క్రీన్ మీద తెల్ల పేజీ ఉందా?"

లత తన కుర్చీలోంచే తొంగిచూసింది. "ఉంది, ఉంది."

తెల్ల పేజీ ఉన్న మాట నిజమే. దాని మధ్యలో సీడీ పెట్టమని అడుగుతూ ఒక చిన్న పెట్టె తెరుచుకుని ఉంది. అది ఆమెకు లెక్కలోకి రాలేదు.

లత చదివింది. మురళీధర్ వేళ్లు ఎక్కడా తడబడలేదు. కానీ ల్యాప్‌టాప్ పలుకు లేక, తన అక్షరాలు ఎక్కడ పడుతున్నాయో అతనికి తెలియలేదు. ముగిశాక లత లేచి వచ్చి తెర చూసింది.

"ఇదేంది? పేజీ ఖాళీగ ఉంది!"

"లేదు మేడమ్, అంత కొట్టిన. మీరు సదివింది మొత్తం కొట్టిన!"

అతను కొట్టిందంతా ఆ చిన్న పెట్టెలోకే పోయింది; దాని సన్నటి గడిలో లేఖ చివరి నాలుగు మాటలు మాత్రం ఇరుక్కుని ఉన్నాయి. వాటిలో తప్పు లేదు. లత వాటిని రెండుసార్లు చదివింది. తర్వాత ఆఫీసు పెద్ద హీరాలాల్‌ను పిలిచింది.

"ఒక్క అవకాశం ఇయ్యండి సార్, మీ కాళ్లు మొక్కుత," అన్నాడు మురళీధర్. ఎప్పుడూ అనని మాట అది.

"ఒక్కరికిస్తే అందరికీ ఇయ్యాలె. కష్టం," అన్నాడు హీరాలాల్.

వరండాలో త్రివేణి తీగను మొదటి సాకెట్‌కు మార్చింది. వెంటనే స్పీకర్లు తెర మీద ఉన్నదంతా గడగడా చదివాయి. మురళీధర్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"బంద్ చెయ్యక్కా. నీకు దండం పెడత, బంద్ చెయ్యి!"

బస్టాండులో గరిడేపల్లి వైపు పోయే బస్సులు వచ్చి పోతున్నా అతను లేవలేదు. పొద్దు వాలాక ఎండకు వేడెక్కిన ల్యాప్‌టాప్ సంచిని తనే ఒళ్లోకి తీసుకుని లేచాడు.

ఆ ఉద్యోగం అతనికి రాలేదు. కొన్నాళ్లు ల్యాప్‌టాప్‌ను ముట్టుకోలేదు. మంగయ్య గొర్లు తోలుకుని పోతూ, "కూసోని ఏం జేస్తవ్ బిడ్డా, మీటలన్న కొట్టు," అని రోజూ అనేవాడు. ఒక పొద్దున మురళీధర్ ల్యాప్‌టాప్‌ను వెతుక్కుని మూత తెరిచాడు.

ఆ తర్వాత సూర్యాపేటలో ఇంకో పరీక్ష పడింది. మురళీధర్ కుర్చీలో కూర్చుని వేళ్లు ఒళ్లోనే ఉంచుకున్నాడు.

"సార్, మీరు నా పక్కకు వచ్చి స్క్రీన్ మీద ఏమేమున్నయో అంత సదువుండ్రి. చిన్న పెట్టె ఉన్నా చెప్పుండ్రి. గప్పటిదాక నేను మొదలువెట్ట," అన్నాడు.

మాట మార్చుకోలేదు. పరీక్ష పెట్టే అధికారి విసుగ్గానే లేచి వచ్చి, వంగి చదవడం మొదలుపెట్టాడు.