హోసూరు బస్సులో పొద్దుటి తిండి

తొంభై తొమ్మిదో సంవత్సరం, శ్రావణానికి నెల ముందు, గోపాలప్పకు చక్కెర జబ్బు ఉందని తేలింది. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. బెంగళూరు కబ్బన్‌పేటలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి. ముత్తాతల నాడు అనంతపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. అన్నదమ్ములు చీరలు నేస్తారు. వాటిని మూట కట్టుకుని వారానికి రెండు మూడు సార్లు హోసూరు, కృష్ణగిరి అంగళ్ళకు చేర్చడం గోపాలప్ప పని.

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. పొద్దున తిండికి ముందు ఒకటి వేసుకోమన్నాడు. తీపి మానమన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. బయట ఇంకా పదిహేను మంది కూర్చుని ఉన్నారు. అంతకంటే చెప్పే తీరిక ఆయనకు లేదు.

ఇంట్లో ఉన్న రోజుల్లో భార్య మునిలక్ష్మి చూసుకునేది. చిక్కంతా ప్రయాణం రోజుల్లోనే. కళాసిపాళ్యం బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ, పూరీ, కేసరిబాత్, దోసె తప్ప ఏముంటాయి? ఒకరు ఇడ్లీ తింటే ఏమీ కాదన్నారు. ఇంకొకరు ఇడ్లీయే అసలు శత్రువన్నారు. పూరీ వద్దని అందరూ అన్నారు. విని విని గోపాలప్ప తనకు తానే ఒక దారి కనిపెట్టాడు. అసలు తినకపోతే చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది?

"రెండు రాగి రొట్టెలు కట్టిస్తాను, తీస్కపో," అంది మునిలక్ష్మి ఆ బుధవారం.

"వద్దులేయే. మాత్ర ఏసుకున్నా గదా. హోసూర్లో పని చూసుకొని మధ్యాన్నం తింటాను."

"ఖాళీ కడుపుతోనా?"

"ఖాళీగా ఉంటేనే మంచిది దానికి," అని మూట భుజానికెత్తుకున్నాడు.

బస్సు ఆరున్నరకు బయలుదేరింది. మామూలుగా ఎనిమిదికల్లా హెబ్బగోడి చేరిపోవాలి. ఆ రోజు ఎలక్ట్రానిక్ సిటీ దాటాక ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందట. బస్సులు, లారీలు, ఫ్యాక్టరీ వ్యాన్లు వరుసగా నిలిచిపోయాయి. ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది.

మొదట గోపాలప్పకు ఊరికే విసుగు పుట్టింది. జన్మలో ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి, కండక్టరును కసిరాడు. తర్వాత చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒళ్ళో పెట్టుకున్న మూట ముడి విప్పాడు, మళ్ళీ కట్టాడు, ఎందుకో తెలియదు. ముసురు పట్టిన చల్లటి పొద్దున మెడ మీద నుంచి చెమట ధారగా కారుతోంది. ఎదుటి సీటు వెనక రాసిన అక్షరాలు చీమల్లా అటూ ఇటూ జరిగాయి. జనం మాటలు నీళ్ళలోంచి విన్నట్టు వినిపిస్తున్నాయి.

పక్క వరుసలో కూర్చున్న అమ్మాయి లేచి ఆయన దగ్గరకు వచ్చింది. తెల్లచీర మీద నీలం స్వెటరు. ఆమె పేరు సువార్త. నరసరావుపేట నుంచి వచ్చి, హెబ్బగోడిలో ఫ్యాక్టరీ పనివాళ్ళ కోసం పెట్టిన చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. కండక్టరును ఆయన తెలుగులోనే కసరడం విని అటు తిరిగి చూసిందట.

"బాబాయ్ గారూ, మీకు షుగరుందా?"

గోపాలప్ప తల ఊపాడు.

"పొద్దున మాత్ర వేసుకున్నారా?"

"ఏసుకున్నా."

"ఏం తిన్నారు?"

"ఏమీ తినలే. పత్యంగా ఉండాను," అన్నాడు, ఏదో ఘనకార్యం చెప్పినట్టు. మాట మాత్రం ముద్దగా వచ్చింది.

ఆమె సంచీలోంచి అరచేతిలో పట్టే యంత్రం ఒకటి తీసింది. దుబాయిలో ఉన్న అన్న తల్లి కోసం పంపితే, తల్లి సూదికి భయపడి వద్దందట. అప్పటి నుంచి సువార్త దాన్ని ఆసుపత్రికి తెచ్చి రోగులకు వాడుతోంది. కొత్త సూదితో గోపాలప్ప వేలు గుచ్చి, రక్తపు చుక్కను చిన్న పట్టీకి తాకించింది. ముప్పై సెకండ్లు గడిచాయి. గాజు మీద నలభై ఆరు అని పడింది. డెబ్బైకి తగ్గకూడనిది.

ఆమె తలెత్తి బస్సంతా వినబడేట్టు అడిగింది. "ఎవరి దగ్గరన్నా పంచదార ఉందా? తీపి ఏదైనా సరే."

జనం జేబులు, సంచులు తడుముకున్నారు. ముందు సీట్లోంచి ఒక ముసలామె లేచింది. పేరు సొన్నమ్మ అని తర్వాత తెలిసింది. హోసూరు దగ్గర కూతురి ఊళ్ళో గ్రామదేవతకు దేవర చేస్తున్నారని పూజ సామాను తీసుకుపోతోంది. బుట్టలోంచి పసుపు గుడ్డలో చుట్టిన బెల్లం అచ్చు తీసి, సీటు కమ్మీకి కొట్టి పగలగొట్టింది.

"అది దేవరకు గదమ్మా," అన్నాడు కండక్టరు.

"దేవరకు నేను చెప్పుకుంటాలేప్పా. ముందు ఈయప్పకు పెట్టండి."

గోపాలప్ప బెల్లం నోట పెట్టుకోలేదు. అంత మసకలోనూ ఆయనకు ఆ ఒక్కటీ స్పష్టంగా గుర్తుంది. "అమ్మా, నాది చక్కెర జబ్బు. బెల్లం తింటే పోతాను."

"ఇప్పుడు తినకపోతే పోతారు," అంది సువార్త మెల్లగా. "మీ ఒంట్లో చక్కెర ఎక్కువై కాదు, లేక ఇలా అయింది. మాత్ర ఉన్నదంతా లాగేసింది. నమలండి."

ఆయన నమిలాడు. ఆమె సీసాలోంచి నీళ్ళు తాగించింది.

తర్వాత జరిగిన దాన్ని గోపాలప్ప బతికినంత కాలం చెప్పుకున్నాడు. ముందు చప్పుళ్ళు తిరిగి వచ్చాయి. ఎక్కడో లారీ హారను, దగ్గర్లో ఎవరిదో దగ్గు. తర్వాత చేతులు ఆయనవయ్యాయి. ఎదుటి సీటు మీది చీమలు ఆగి, ఒక్కొక్కటీ తన చోట నిలబడి అక్షరాలయ్యాయి. కిటికీ అవతల వానకు తడిసిన నీలగిరి చెట్లు ఇంత పచ్చగా ఉంటాయని ఆయనకు అంతకుముందు తెలియదు. పాతికేళ్ళుగా అదే దారిలో పోతున్నాడు. పావుగంట తర్వాత సువార్త ఇంకో వేలు గుచ్చింది. తొంభై ఒకటి.

"అంత చిన్న బెల్లం ముక్కా చేసింది ఇదంతా?" అన్నాడు.

"అంత ముక్కే."

ఆయన సొన్నమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. ఆమె మిగిలిన బెల్లం గుడ్డలో చుట్టుకుంటూ, "నెమ్మదిగా ఉండప్పా," అని మాత్రం అంది.

దారి తెరుచుకున్నాక సువార్త ఆయన్ను హెబ్బగోడిలో దింపి తనతో ఆసుపత్రికి తీసుకుపోయింది. మాత్ర బలం ఇంకా ఒంట్లో ఉంటుందని, చక్కెర మళ్ళీ పడిపోవచ్చని చెప్పి, తన డబ్బాలోని పప్పన్నం ముందు పెట్టింది.

"అన్నమా?"

"ఇవాళ అన్నమే. తినండి."

మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, నడుమ రెండుసార్లు చూసి, హోసూరు అంగడివాళ్ళకు ఫోను చేయించి పంపించింది. పోయే ముందు రెండు మాటలు చెప్పింది. చేతిలో తిండి లేనిదే మాత్ర నోట్లో వేసుకోకూడదు. జరిగిందంతా డాక్టరుకు చెప్పాలి, మాత్ర సంగతి ఆయనే తేల్చాలి.

డాక్టరు విని మాత్రను సగానికి తగ్గించాడు. ఇక తిండి సంగతి మిగిలింది.

గోపాలప్ప మళ్ళీ హెబ్బగోడిలో దిగి అడిగాడు. "నేను ఏమి తినల్లో చెప్పమ్మా. ఒకరు ఒకటంటారు, ఒకరు ఒకటంటారు. నాకు తల తిరుగుతా ఉండాది."

"నేనూ చెప్పలేను బాబాయ్ గారూ. మీ ఒంటినే అడుగుదాం. మీరు ఆరింటికి తిని బస్సెక్కితే ఎనిమిదింటికి ఇక్కడుంటారు. తిన్న రెండు గంటలకు చూడాలి, సరిగ్గా సరిపోతుంది. అప్పుడు నూట ఎనభై దాటకూడదు. పట్టీలు ఎక్కువ లేవు, వచ్చినప్పుడల్లా ఒక్కటే చూద్దాం."

మొదటిసారి కళాసిపాళ్యం హోటల్లో నాలుగు ఇడ్లీలు సాంబారులో వేసుకుని తిని వచ్చాడు. తెల్లగా, మెత్తగా, జ్వరం వచ్చిన వాళ్ళకు పెట్టే తిండి. యంత్రం రెండు వందల ముప్పై ఎనిమిది చూపించింది.

గోపాలప్ప ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఇడ్లీలో తీపే లేదు గదమ్మా."

"తీపి నాలుక్కి కావాలండీ. కడుపులోకి పోయాక బియ్యం కూడా చక్కెరే."

తర్వాతి వారం మునిలక్ష్మి రెండు రాగి రొట్టెలు, మొలకెత్తిన పెసల పల్యం కూర కట్టి ఇచ్చింది. బస్టాండులోనే బెంచీ మీద కూర్చుని తిన్నాడు. నూట డెబ్బై నాలుగు. ఆ పై వారం రెండు పెసరట్లు, శెనగకాయల చట్నీ, ఒక ఉడికిన గుడ్డు. నూట నలభై తొమ్మిది. ఆ రోజు సువార్త కూడా ఒక క్షణం యంత్రాన్ని అలాగే పట్టుకుని చూసింది.

"ఇంట్లో చెప్పితే నమ్మదు," అన్నాడు గోపాలప్ప. "ఒకసారి పిల్చుకొస్తాను."

నిజంగానే పిలుచుకువచ్చాడు. మునిలక్ష్మి ఆసుపత్రి గోడకు ఆనుకుని నిలబడి, భర్త వేలి కొస మీద రక్తపు చుక్క ఉబ్బడం చూసింది. ఆవగింజంత చుక్క. పట్టీ దాన్ని తాగేసింది. అంకె పడింది, నూట యాభై రెండు. పొద్దున తాను చీకటితో లేచి రుబ్బిన పెసలు, వేయించిన శెనగకాయలు, కొంచెం అల్లం, అన్నీ కలిసి ఈ మనిషి నెత్తుట్లో ఇలా వచ్చి కూర్చున్నాయి.

"ముప్పై ఏండ్లుగా వండి పెడతా ఉండాను," అంది. "తిన్నాడా లేదా అని చూస్తాను గానీ, తిన్నాక ఏమయితాదో నాకు తెలీదు. ఈ పొద్దు చూసినట్టయింది." అని సువార్త చేతులు రెండూ పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

అప్పటి నుంచి ప్రయాణం రోజు తిండి ఆమెకు పెద్ద పనైపోయింది. పెసరట్టును చుట్ట చుట్టి అరటాకులో కట్టేది. ఉడికించిన శెనగకాయలు విడిగా గుడ్డలో ముడివేసేది. బస్సు నిలిచిపోతే తినడానికని ఇంకో చిన్న పొట్లం, దాంట్లో రెండు చక్కెర బిళ్ళలు.

కార్తీకంలో మునిలక్ష్మి తన చెల్లెలి కూతురికి కాన్పని మాలూరు పోయింది. ఆ బుధవారం గోపాలప్ప తిండి కట్టి ఇచ్చేవాళ్ళు లేక, కళాసిపాళ్యం హోటల్లోనే నాలుగు ఇడ్లీలు తిన్నాడు. తెలిసే తిన్నాడు. ఇవాళ అంకె ఎంత చూపిస్తుందో, ఆ అమ్మాయి ఏమంటుందో అని బస్సులో ముడుచుకుని కూర్చున్నాడు. కోనప్పన అగ్రహారం దగ్గర బస్సు ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. వెనక వచ్చిన బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఎనిమిదింటికి ఆసుపత్రి చేరాలన్న పట్టుతో మూట నెత్తిన పెట్టుకుని నడక మొదలుపెట్టాడు. ముప్పావుగంట నడిచాడు. చేరేసరికి చొక్కా తడిసిపోయింది. చెమట చూసి సువార్త మొదట భయపడింది.

"ఇడ్లీలు తిన్నానమ్మా. తప్పయింది. చూడు."

ఆమె చూసింది. యంత్రాన్ని ఆయన వైపు తిప్పింది. నూట యాభై ఒకటి.

"ఇది చెడిపోయిండాదేమో."

సువార్త ఇంకో పట్టీ తీసింది. ఇంకో వేలు. నూట నలభై ఎనిమిది.

"అవే ఇడ్లీలా?"

"అవే. అదే హోటలు. నాలుగే."

"ఎలా వచ్చారు ఇక్కడికి?"

చెప్పాడు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "మీ కాళ్ళు తిన్నాయి బాబాయ్ గారూ ఆ చక్కెరంతా. నడిచేటప్పుడు కండలు రక్తంలోంచి లాక్కుంటాయి. చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. ఇలా కళ్ళారా చూడటం ఇదే."

గోపాలప్ప వంగి తన పిక్కల వైపు చూసుకున్నాడు. పంచె కింద సన్నటి, నరాలు తేలిన కాళ్ళు. దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వాటికి ఆయన ఎన్నడూ ఏ పనీ ఒప్పచెప్పలేదు, మూట మోయడం తప్ప. ఎవరూ అడగకుండా, తనకు తెలియకుండా, రోడ్డు పొడుగునా అవి ఈ పని చేసుకుంటూ వచ్చాయి. కుడికాలి పిక్కను రెండు చేతులతో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు. బయట తర్వాతి రోగి పిలుపు కోసం చూస్తున్నాడు. సువార్త తొందరపెట్టలేదు.

హోసూరులో ఆ రోజు నుంచి ఆయన ఆటో ఎక్కడం మానుకున్నాడు. తిన్న వెంటనే అంగడి నుంచి అంగడికి నడిచేవాడు. మూడేళ్ళ తర్వాత సువార్త పెళ్ళి చేసుకుని వైజాగు వెళ్ళిపోయే ముందు, కబ్బన్‌పేట ఇంటికి వచ్చి ఒక పూట భోజనం చేసింది. అప్పటికి గోపాలప్ప సొంతంగా ఒక యంత్రం కొనుక్కున్నాడు. పొద్దున మగ్గాలు మొదలయ్యే ముందు వీధిలో చక్కెర జబ్బున్న వాళ్ళు ముగ్గురు నలుగురు ఆయన అరుగు మీదకు చేరేవాళ్ళు. ఒక్కొక్కరికీ కొత్త సూది తీసేవాడు. చుక్క పట్టీలోకి పోయాక, అంకె పడే దాకా, ముసలి నేతగాళ్ళందరూ ఆ చిన్న గాజు మీదకు వంగి ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరూ ఆ ముప్పై సెకండ్లలో పక్కకు చూడగా మునిలక్ష్మి ఎన్నడూ చూడలేదు.