ఐదు సెంటీమీటర్ల ఎండ

హెడ్మాస్టరు నోట ఆ వారం 'ఆలోచన' అన్న మాట విని విని లెక్కల టీచరు విసిగిపోయింది. పొద్దున్నే ఐదో తరగతి చేత ఎక్కాలూ కొలతలూ వల్లె వేయించే ఆవిడ అరగంట తీసేసి, అక్కడ ఆలోచన పీరియడ్ పెడతాడట. కొలవడం రాని పిల్లలు దేని గురించి ఆలోచిస్తారని ఆవిడ నెత్తీ నోరూ బాదుకుంది. ఆయన చెవికెక్కలేదు. తనిఖీ అధికారిణి వచ్చి తేలుస్తుందన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ బడిలో ఆవిడకి తనదంటూ ఉన్నది ఆ అరగంటే.

తనిఖీ కోసం హెడ్మాస్టరు పిల్లలకో పని అప్పజెప్పాడు. ప్రొజెక్టరు బొమ్మ కనబడనీయకుండా ఎండ కొట్టే కిటికీకి వాళ్లే ఆలోచించి తెర చేయించాలి. ఇక చూడాలి సంబడం. రంగు మీద రెండు రోజులు చర్చ, గుడ్డ మందం మీద ఇంకో రోజు, గోడ నిండా చార్టులు. కొలిచే పని మాత్రం ఆఖరి పది నిమిషాల్లో దర్జీ కూతురి నెత్తిన పడింది. ఆ కొలతకి వాళ్లమ్మ, తను దాచుకున్న మంచి నల్లగుడ్డ కత్తిరించి కుట్టిచ్చింది.

తనిఖీ రోజున అందరి ముందూ తెర వేలాడదీశారు. కింద ఐదు సెంటీమీటర్లు తక్కువైంది. ఆ సందులోంచి ఎండ తిన్నగా వచ్చి ప్రొజెక్టరు గోడ మీద కూర్చుంది.

టీచరుకి ఎంత సంతోషమేసిందో పైకి చెప్పుకుంటే బాగుండదు. చర్చలు బ్రహ్మాండంగా చేశారు, కొలవడమే రాలేదు అని మాత్రం అంది. అధికారిణి తలాడించి, పొద్దుటి అరగంట కొనసాగించాలని రాయడం మొదలుపెట్టింది.

దర్జీ కూతురు ఏడుపు మొహంతో కిటికీ దగ్గరికెళ్లి మళ్లీ కొలిచింది. బడి చెక్కస్కేలు ఆనించి, దాని అంచున గీత గీసి, గీత దగ్గర మళ్లీ ఆనించింది. ఐదు ముప్ఫైలు, నూట యాభై. మళ్లీ అంతే వచ్చింది. అప్పుడా పిల్ల స్కేలు కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది.

"సున్నాకి ముందు కాస్త ఖాళీ చెక్క ఉంది టీచర్. ముప్ఫై తర్వాత కూడా ఉంది. రెండూ కలిపితే ఒక సెంటీమీటరు, ఐదుసార్లూ అది మనం లెక్కపెట్టట్లేదు. మీరు చెప్పినట్టే అంచుకి అంచు ఆనించాను."

టీచరు స్కేలు అందుకుని చూసింది. అంచుకి అంచు ఆనించు, ముప్ఫై కలుపు. పొద్దున్నే వల్లె వేయించేది తనే. ఈ ఖాళీ ఎందుకుందని ఇదే పిల్ల ఓసారి అడిగింది. ముందు చెప్పింది చెయ్యమని తనే కూర్చోబెట్టింది.

"మా అమ్మకేం చెప్పను?" అంది పిల్ల.

"తప్పు మా టీచరుదని చెప్పు." అధికారిణి వైపు తిరిగి, "ఆ వాక్యం కొట్టేయండి," అంది. హెడ్మాస్టరు మొహం వెలిగిపోయింది. అది చూసి ఆవిడకి ఒళ్లు మండింది. "మీరు నవ్వకండి. అన్ని చార్టులు రాయించారు, స్కేలు వైపు ఒక్కరైనా చూశారా?"

ఆవిడ పొద్దుటి అరగంట పోయింది. సాయంత్రం తెర చుట్టి చంకన పెట్టుకుని, అడుగున అతుకు వేయించడానికి తనే దర్జీ ఇంటికి బయల్దేరబోయింది. ముందు మళ్లీ కొలవమని స్కేలు ఆ పిల్ల చేతికిచ్చింది.

"ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి టీచర్?"

"నువ్వే చెప్పు," అంది టీచరు, విసుగ్గానే. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు.