పిల్లలెక్కితే తేలికయ్యే బండి

శుక్రవారం మధ్యాహ్నం, సరిగ్గా భోజనం వేళకి, ఖమ్‌ఫాన్ తన పికప్ బండిని తనిఖీ షెడ్డులోకి తోలుకొచ్చి, దిగకుండానే హారన్ కొట్టాడు. యసోథోన్ పట్నం చివర, బియ్యం మిల్లుని ఆనుకుని ఉన్న ఆ షెడ్డు లమ్‌యాయ్‌ది. గోడ మీద లైసెన్సు, నేలలో బ్రేకులు చూసే యంత్రం, బల్ల సొరుగులో ముద్ర. ఆ ముద్ర పడకపోతే బండి రోడ్డెక్కకూడదు.

"ఇవాళా రావడం బాబాయ్?" లమ్‌యాయ్ నోట్లో జిగురన్నం ముద్ద నములుతూనే లేచింది. "సోమవారం బడి తెరుస్తుంటే!"

"తారాజువ్వల పండగమ్మా. మా ఊరి జువ్వ లేవలేదు. రివాజు ప్రకారం నన్ను బురదలో పడేశారు. రెండ్రోజులు చెవుల్లోంచి మట్టి తీసుకుంటూ కూర్చున్నా."

"నువ్వు చేసిన జువ్వేనా?"

"నేను చేసిందే. అందుకేగా నన్ను వేసింది!"

ఖమ్‌ఫాన్‌కి అరవై ఏళ్ళు. పద్దెనిమిది మంది పిల్లల్ని రోజూ పట్నం బడికి తీసుకెళ్ళి తెస్తాడు. పికప్ తొట్టికి పైన కప్పు వేశాడు, లోపల రెండు బెంచీలు బిగించాడు. చోటు చాలక, తొట్టిని మూరెడు వెనక్కి పొడిగించి, దాని చివర ఒక ఇనప అరుగు కట్టాడు. పెద్దపిల్లలు ఆరుగురు కమ్మీ పట్టుకుని దాని మీద నిలబడతారు. వెల్డింగంతా తన చేత్తో చేసిందే. ఈ ముద్ర పడకపోతే సోమవారం ఆ పిల్లలకి బడి లేనట్టే. ఆ ఊరికి బస్సు లేదు.

లమ్‌యాయ్ పొగ చూసింది, బ్రేకులు చూసింది, అతుకుల మీద సుత్తితో కొట్టి చూసింది. ఒక్కటీ కదల్లేదు. ముందు దీపం నడిమధ్య నుంచి నేలకి టేపు పెట్టింది. నలభై సెంటీమీటర్లకి తగ్గకూడదు, నూట ముప్పై అయిదు దాటకూడదు. ఎనభై ఎనిమిది ఉంది. నిక్షేపం. ముద్ర అందుకుంది.

"అసలు సంగతి అడగలేదే నువ్వు!" అన్నాడు ఖమ్‌ఫాన్ మీసం దువ్వుకుంటూ. "స్టీరింగు! ఖాళీగా ఉంటే మొరాయిస్తుంది. పిల్లలంతా ఎక్కారనుకో, చిటికెన వేలితో తిప్పొచ్చు. వెనక అరుగు కట్టినప్పటినుంచీ అంతే. మా బావమరిది కొత్త కారుకి కూడా లేదా సుఖం."

లమ్‌యాయ్ చెయ్యి గాల్లోనే ఆగింది. పద్నాలుగేళ్ళుగా బండ్లు చూస్తోంది. బరువెక్కితే బండి మొద్దుబారుతుంది గానీ, తేలికవడమేమిటి?

"మిల్లులో బస్తాలు అడిగొస్తా ఉండు."

"దేనికి?"

"పిల్లల్ని ఎక్కించి చూద్దాం."

"ముద్ర వేసేసి, తర్వాత తీరిగ్గా చూసుకోవే!"

"చూశాకే వేస్తా. నా బుర్రలో దూరింది, ఇక ఊరుకోదు."

మిల్లు హమాలీలు నవ్వుకుంటూ పద్దెనిమిది మంది బరువుకి సరిపడా పదకొండు బస్తాలు మోసుకొచ్చారు. ఏడు బెంచీల మీద, నాలుగు వెనక అరుగు మీద. ఖమ్‌ఫాన్‌కి కూడా హుషారొచ్చి పక్కన నిలబడి పేర్లు పెట్టాడు.

"ఇది దావ్, కిటికీ పక్కనే కూర్చోవాలంటుంది. ఈ మూల బస్తా సక్దా, లోపలికి రారా అంటే రాడు వెధవ, చివరే వేలాడతాడు."

లమ్‌యాయ్ దీపాలు వేసింది. ఎదురు గోడ మీద గీసిన గుర్తు దగ్గర పడాల్సిన వెలుగు షెడ్డు రేకుల్ని వెతుక్కుంటోంది. టేపు పెడితే తొంభై ఆరు. బండి ముక్కెత్తింది. ముందు చక్రాల మీద బరువెంతో యంత్రం చెబుతుంది: ఖాళీ బండికి ఎనిమిది వందల ముప్పై కిలోలు, ఇప్పుడు ఆరు వందల ఎనభై. లమ్‌యాయ్ రెండుసార్లు చూసుకుంది.

"అయిదు వందల కిలోలు పైన ఎక్కిస్తే, ముందు నూట యాభై తగ్గింది బాబాయ్."

"ఎక్కడికి పోయింది?"

"కావడి మోశావుగా? వెనక బుట్ట బరువైతే ముందు బుట్ట లేస్తుంది. పిల్లల్ని వెనక చక్రాలకి అవతల నిలబెట్టావు. నీ ముందు చక్రాలు రోడ్డుని ఊరికే తాకుతున్నాయి. అందుకే చిటికెన వేలికి తిరుగుతోంది."

"నా పనితనం అనుకున్నానే..." ఖమ్‌ఫాన్ గొణిగాడు. కానీ ఒప్పుకోలేదు. "మూడేళ్ళుగా ఒక్క గీత పడలేదు. రా, ఎక్కు, చూపిస్తా."

పొద్దుటి వానకి మిల్లు ఆవరణంతా తడిసి ఉంది. లమ్‌యాయ్ పక్కన కూర్చుంది. బడి దారిలో వెళ్ళే వేగంతోనే వెళ్ళి, తూకం గది దగ్గర స్టీరింగు ఎడమకి తిప్పాడు. చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. తిన్నగా కంచె మీదికి జారుతోంది. బ్రేకు తొక్కాడు, ఆఖరికి ముందు చక్రాలు నేలని పట్టుకుని బండి విసురుగా మెలిక తిరిగింది. వెనక ధబ్బుమని చప్పుడైంది.

దిగి చూశారు. మూల బస్తా కిందపడి పగిలింది. తడి నేల మీద బియ్యం తెల్లగా పరుచుకుంది.

హమాలీలు నవ్వడం మానేశారు. ఖమ్‌ఫాన్ వంగి రెండు చేతులతో బియ్యం ఎత్తడం మొదలుపెట్టాడు. ఎత్తుతూనే ఉన్నాడు.

"పోనీలే బాబాయ్, వాళ్ళు ఊడ్చుకుంటారు."

"ముద్ర వేస్తావా?"

"చట్టం ఖాళీ బండినే చూడమంది. ఖాళీగా నీ బండి పాసు. వేయనని చెప్పడానికి నా దగ్గర కాగితమేదీ లేదు."

"నేనడిగింది కాగితం గురించి కాదు."

"అయితే వెయ్యబుద్ధి కావట్లేదు."

ఖమ్‌ఫాన్ చేతులు లుంగీకి తుడుచుకుని, షెడ్డులో మూలనున్న ఇనుము కోసే మిషను కేసి చూశాడు. తాను కట్టింది తానే కోశాడు. అరుగు, కమ్మీ, పొడిగించిన మూరెడు తొట్టి గంటన్నరలో నేల మీద పడ్డాయి. లమ్‌యాయ్ ఏడు బస్తాలు బెంచీల మీద పెట్టించి మళ్ళీ తూచింది. ఎనిమిది వందల నలభై. ముద్ర వేసి, ఇన్నేళ్ళలో ఎన్నడూ ముట్టని 'ఇతర వివరాలు' గడిలో 'పన్నెండు మందికి మించకూడదు' అని రాసింది.

"మిగతా ఆరుగురు?" అడిగింది.

ఖమ్‌ఫాన్ అప్పటికే ఫోను చెవిన పెట్టుకున్నాడు. అవతల బడి పంతులుగారు.

"అయ్యా, సోమవారం నుంచి రెండు ట్రిప్పులు. మొదటిది ఆరింటికే తెస్తా... తెలుసండీ, గేటు ఏడింటికి తీస్తారని... పెద్దపిల్లల్నే తెస్తానండీ, గొడవ చెయ్యరు... ఏమో చేస్తారు... కాదండీ, బండి పాడవలేదు. బాగైంది." ఫోను దూరంగా పట్టుకున్నాడు. అవతలి కేకలు షెడ్డులోకి వినబడ్డాయి. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "తాళం చెవి నాకివ్వండి, గేటు నేనే తీసుకుంటా. ఇవ్వరా? అయితే సోమవారం ఆరింటికి గోడెక్కించి దింపుతా, మీ ఇష్టం!"