అత్తగారి చెయ్యి, కొండమేక కడుపు

పొద్దున్నే అత్తగారు ఫ్రిజ్ తలుపు తీసి కేక పెట్టారు. ఆ ఇంట్లో ఇది రోజూ ఉండే భాగోతమే. పాలగిన్నె కింది అరలో, మూత బిగించిన డబ్బాలో, కోడలు తెచ్చిన కొండమేకల పెంటికలు ఉన్నాయి.

"ఇది ఇల్లా, గొడ్లపాకా?"

"మూత గట్టిగానే పెట్టాను అత్తయ్యా."

"మూతుంటే మాత్రం? లోపలున్నవి పురుగులు కావూ?"

"గుడ్లు అత్తయ్యా. ఇంకా పురుగులు కాలేదు."

అత్తగారు ఫ్రిజ్ తలుపు ధడాలున మూసేశారు. కొడుకు వైపు చూశారు. అతను పేపరు అడ్డం పెట్టేసుకున్నాడు. గోడమీద పిల్లి అన్న పేరు అతనికి ఊరికే రాలేదు మరి!

కోడలు అడవి జంతువుల డాక్టరు. జంతువు కడుపులో ఏ పురుగు ఎక్కడ కాపురం పెట్టింది, దేనికి దేనితో పడదు, ఒకటి ఖాళీ చేస్తే ఆ చోటులోకి ఏది దూరుతుంది, ఇదీ ఆవిడ చదువు. అత్తగారి లెక్కలో పురుగంటే పురుగే. చంపెయ్యాలి, చెయ్యి కడుక్కోవాలి.

ఆ చెయ్యి సంగతి చెప్పాలి. అత్తగారు కుడి అరచెయ్యి ఏ ప్రాణి మీద ఆనించినా దాని ఒళ్ళు గాజైపోయేది. లోపల ఉన్నదంతా కనిపించేది. చెయ్యి తీస్తే మళ్ళీ మామూలే. వీధిలో ఎవరి పిల్లి ఉంగరం మింగినా ఇక్కడికే పట్టుకొచ్చేవారు. "అదిగో, చివరిదాకా వచ్చేసింది. రేపటికి పడిపోతుంది" అని చెప్పి, సబ్బుతో చేతులు తోముకుని, ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. మనుషుల మీద మాత్రం వేసేవారు కాదు. ఒకరి లోపలి గుట్టు మనకెందుకనేవారు. కొత్తగా కాపురానికొచ్చిన రోజు కోడల్ని దీవించినప్పుడు కూడా చెయ్యి తలకి జానెడు పైనే ఆపేశారు. నేను అత్తయ్యకి నచ్చలేదు అని కోడలు ఆ రోజే అనుకుంది. ఇప్పటికీ అదే అనుకుంటోంది.

గొడవ కోడలి ఆఫీసులో మొదలైంది. కొండ మీది మేకల మంద మొత్తానికి దాణాలో పురుగుల మందు కలిపి పెట్టాలని పెద్దసారు తీర్మానించారు. బస్తాలు కూడా దిగాయి. కోడలు అడ్డం పడింది.

"వద్దు సార్. ఈ మందుకి చచ్చేది బద్దెపురుగొక్కటే. అది మేక తిన్నదాంట్లో కాస్త తిని పడుంటుంది. అది పేగు నిండా ఉండబట్టే కొంకిపురుగులు మూలనున్నాయి. అవి రక్తం తాగే రకం. చోటు దొరికితే పైకి పాకుతాయి. మంద మిగలదు."

"మన ఆఫీసు దొడ్లో ఒక మేకకి వేసి చూశాం కదమ్మా! ఎలా నిగనిగలాడుతోందో చూడు. పురుగుల మీద అంత ప్రేమైతే ఇంట్లో పెంచుకో."

అందరూ పకపకా నవ్వారు. కోడలు నవ్వలేదు. "నాది తప్పని తేలితే ఉద్యోగం మానేస్తాను" అంది.

పెద్దసారు తెలివైనవాడు. అత్తగారి చెయ్యి సంగతీ విన్నాడు, ఆవిడ శుభ్రం సంగతీ విన్నాడు. సాయంత్రం స్వయంగా ఇంటికొచ్చాడు. "మీరొచ్చి ఒక్కసారి ఆ మేకల మీద చెయ్యి వేస్తే మీ కోడలి పిచ్చి కుదురుతుందమ్మా" అన్నాడు.

కోడలు ఎన్నోసార్లు అడిగితే ఛీ కొట్టిన మనిషి ఈసారి సరేనన్నారు. కోడలు ఉద్యోగం మానితే ఫ్రిజ్ బాగుపడుతుంది!

"ఉన్నదున్నట్టు చెప్పండి అత్తయ్యా, చాలు" అంది కోడలు. గొంతులో బెరుకు లేదు.

మర్నాడు దొడ్డి చుట్టూ ఆఫీసంతా మూగింది. గోడమీద పిల్లి కూడా సెలవు పెట్టి వచ్చాడు. ముందు మందు వెయ్యని మేకని పట్టుకున్నారు. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చెయ్యి ఆనించారు. మేక గాజైంది. పేగు నిండా తెల్లటి రిబ్బనులా ఒక పొడుగు పురుగు. అడుగున ఒక మూల నాలుగైదు కొంకిపురుగులు, చివర్లో సన్నటి నులిపురుగులు. ఎవరి గదిలో వాళ్ళు.

అత్తగారి కొంగు మెల్లగా జారింది. "కాళ్ళు బారచాపుకుని ఇల్లంతా ఆక్రమించిందెవరే?"

"బద్దెపురుగు అత్తయ్యా."

"అచ్చం మావాడే" అన్నారు కొడుకు వైపు చూసి.

తర్వాత నిగనిగలాడే మేక. చెయ్యి పడగానే అందరూ ముందుకి వంగారు. బద్దెపురుగు లేదు. ఆ చోటంతా కొంకిపురుగులే, గుత్తులు గుత్తులుగా, పేగు గోడని కరిచి పట్టుకుని, తాగిన రక్తంతో ఉబ్బిపోయి. పేగు పాలిపోయింది.

"మందు ఇంకా పని చేస్తూ ఉండొచ్చు..." పెద్దసారు నసిగాడు.

"ఏం పని నాయనా!" అత్తగారి గొంతు దొడ్డి దాటింది. "పైన పటారం, లోన లొటారం! అద్దెకున్నవాణ్ణి గెంటేసి దొంగల్ని కూర్చోబెట్టారు. మా కోడలు ఇన్నాళ్ళూ మొత్తుకుంటూనే ఉంది. మీరూ వినలేదు, నేనూ వినలేదు. కళ్ళారా చూశాక కాదంటే కళ్ళు పోతాయి."

కోడలు అప్పటికే ఆ మేకని ఒడిసిపట్టుకుని, దానికి వేరే మందు తెమ్మని పురమాయిస్తోంది.

పెద్దసారు వంగి, అత్తగారి చెయ్యి కింద పాలిపోయిన ఆ పేగుని దగ్గరగా చూశాడు. లేచి, "బస్తాలు వెనక్కి పంపండి. మంద సంగతి ఇకమీదట డాక్టరమ్మ చెప్పినట్టే" అన్నాడు.

ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. నిన్న నవ్వినవాళ్ళే అందరికంటే గట్టిగా కొట్టారు. కొండ మీద మంద బతికిపోయింది. కోడలు మాత్రం రాయిలా నిలబడి ఉంది. అత్తగారు దగ్గరికి వెళ్ళారు.

"తల వంచు."

కోడలు వంచింది. ఈసారి చెయ్యి జానెడు పైన ఆగలేదు. తల మీద నిండుగా ఆనింది. గాజులోంచి కోడలి గుండె కనిపించింది. ఎగిరెగిరి పడుతోంది.

"ఓసి పిచ్చిదానా! ఇంత భయం పెట్టుకునా అందరి ముందూ అంత గట్టిగా నిలబడ్డావు?"

"మీరు అబద్ధమాడరని తెలుసు అత్తయ్యా. అయినా భయమేసింది." కోడలి కళ్ళు నిండిపోయాయి.

ఆ గుండె నెమ్మదించేదాకా అత్తగారు చెయ్యి తియ్యలేదు. నెమ్మదించాక కాస్త కిందికి వంగి చూశారు.

"ఏమే, నీ పేగులోనూ ఒక నులిపురుగుంది."



"చంపెయ్యమంటారా అత్తయ్యా?"

"ఒక్కటేగా. దాని గదిలో అది ఉంది," అన్నారు అత్తగారు. "ఉండనీ పాపం."