పక్కసీటు బ్రేకు

అప్పుడే తుడిచిన నేల మీద తడి అడుగులు పడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ అడుగుల మీద మనిషే లేకపోతే, తిడదామన్నా ఎదురుగా ఎవరూ ఉండరు. అయినా మ్యాట్ల అక్క మాత్రం తిట్టడం మానేది కాదు.

"ఇప్పుడేగా తుడిచి చచ్చాను! గోడవారగా వెళ్లలేరూ?" అని తుడిచే కర్ర పైకెత్తి అరిచేది.

అడుగులు ఒక క్షణం ఆగేవి. తర్వాత తప్పు చేసిన పిల్లల్లా గోడవారకు జరిగి, టపటపమంటూ తమ కారు వైపు వెళ్లిపోయేవి. అక్క మళ్లీ మొదట్నుంచి తుడుచుకుంటూ వచ్చేది.

కార్లు కడిగే ఆ షెడ్డు ఆమె తమ్ముడిది. పైన కడగడం, మెరుగు పెట్టడం వాడి పని. కారు లోపల కాళ్ల కింద ఉండేదంతా, అంటే పరిచిన కార్పెట్టూ దాని మీది మ్యాట్లూ, అక్క పని. ముందు మ్యాట్లను గోడకేసి బాదాలి. వాక్యూమ్ పెట్టాలి. అతుక్కుపోయిన చూయింగ్ గమ్ మీద ఐసుముక్క పెట్టి, అది గట్టిపడ్డాక గీకాలి. కుక్క వెంట్రుకలుంటే రబ్బరు గ్లవు తడిపి ఒకే వైపుకు దువ్వాలి. అదంతా అయ్యాక షాంపూ నురగ, గట్టి బ్రష్షు, చివర్న నీళ్లు లాగే మెషీను. ఆ మెషీను మురికినీళ్లు లాగేటప్పుడే, అన్నాళ్లూ మ్యాటులో ఇంకిపోయిన అడుగులు కూడా బయటికి వచ్చేవి. మ్యాటు ఆరేదాకా షెడ్డంతా తిరిగి, ఆరి కార్లో పరిచాక తామూ కారెక్కి లోపల ఇంకిపోయేవి.

అందుకే అక్కడికి వచ్చినవాళ్లు ఎంతసేపు పడుతుందని అడగరు. "మా అడుగులు సర్దుకున్నాయా అక్కా?" అని అడుగుతారు.

"అన్నీ ఎక్కాయి గానీ మీ ఎడమకాలిదొకటి టీ కొట్టు దగ్గర నిలబడింది. అది కదిలాక కదులుదురుగాని" అని ఆమె విసుక్కుంటుంది.

తొందరపడితే ఏమవుతుందో అందరూ చూసిందే. ఒకసారి తమ్ముడు ఒకే రకం తెల్లకార్లు రెండింటి మ్యాట్లు తారుమారు చేసి పరిచేశాడు. ఒకటి పళ్ల డాక్టరుది, ఇంకోటి పెళ్లిళ్లకు ఫోటోలు తీసే ఆయనది. ఫోటోల ఆయన ఎక్కడికి బయల్దేరినా ఆయన కాలు తీసుకెళ్లి ఆసుపత్రి ముందే ఆపేది. డాక్టరేమో పిలవని పెళ్లిళ్లన్నిటికీ భోజనాల వేళకు చేరుకున్నాడు. మ్యాట్లు మళ్లీ మార్చేదాకా ఇద్దరి గోలా అక్క చెవుల్లోనే పడింది. "ఎవరి అడుగు ఎక్కడ ఇంకితే అక్కడ ఆ కాలి మాటే చెల్లుతుందని ఎన్నిసార్లు మొత్తుకోను రా నీకు?" అని తమ్ముడికి గట్టిగా తలంటింది.

ఊళ్లోవాళ్ల కార్లకు ఇంత చేసే మనిషికి సొంత కారు మ్యాట్లు మాత్రం చేతికి చిక్కేవి కావు. దానికి కారణం ఆమె మొగుడు. ఆ కారునే అద్దెకు తిప్పుతాడు. తమ్ముడు బావగారూ అని పిలవడంతో షెడ్డులో అందరికీ ఆయన బావగారే అయ్యాడు. ఆయనకు స్టీరింగు తప్ప వేరే లోకం లేదు. చెప్పులతో నడిపితే బండి మాట వినదంటాడు. కారెక్కగానే చెప్పులు విడిచి సీటు కిందకు తోసి, వట్టికాళ్లతోనే నడుపుతాడు.

అక్కకూ లైసెన్సు ఉంది. షెడ్డులో కార్లను ముందుకీ వెనక్కీ జరిపేది ఆమే. గేటు దాటి నడుపుతానంటే మాత్రం ఆయన నవ్వేవాడు.

"నువ్వా? రోడ్డు మీదా?"

ఆ రెండు మాటలకే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె చోటు పక్కసీటే. ఆయన తోలే తోలుడికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, లారీ ఎదురైనప్పుడల్లా, మలుపు వచ్చినప్పుడల్లా, అక్కడ లేని బ్రేకును కుడికాలితో నొక్కుతూ కూర్చునేది. ఆ చోట మ్యాటు నూలు అరిగిపోయి అడుగునున్న రబ్బరు బయటపడింది.

"కాలు తియ్యవే, మ్యాటు చిల్లు పడుతుంది" అనేవాడు ఆయన.

"మీరు నొక్కాల్సింది మీరు నొక్కితే నేనెందుకు నొక్కుతాను?" అనేది ఆమె. ఆ సంభాషణ ఎప్పుడూ అంతకు మించి ముందుకు సాగలేదు.

ఒకప్పుడు ఆ మ్యాట్లు ఆయనే స్వయంగా తెచ్చి ఉతకమని ఇచ్చేవాడు. కొన్నాళ్లుగా ముట్టనివ్వడం లేదు. రేపంటాడు. వానొచ్చేలా ఉందంటాడు. ఎలాగూ మళ్లీ తొక్కేదేగా అంటాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదు. ఇంట్లోనూ అదే వరస. కుడికాలి చెప్పు హాల్లో వదిలేసి, ఒక్క ఎడమ చెప్పుతో వంటింట్లోకి వచ్చేస్తాడు. "రెండోది ఏదండీ?" అంటే, కిందకు చూడకుండానే "కాలికే ఉందిగా" అంటాడు. ఈ మనిషితో వేగలేక చస్తున్నాను అనుకుని, అక్కే వెళ్లి ఆ చెప్పు తెచ్చి పడేసేది.

ఇదిలా ఉండగా, వాళ్ల వీధి పిల్లల్ని సోమవారం నుంచి బడికి దింపే పని ఆయన ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున్నే పై వాటా అమ్మాయి తన చిన్నకూతుర్ని చంకనేసుకుని షెడ్డుకే వచ్చింది. చాలాసేపు నీళ్లు నమిలి, చివరికి చెప్పింది.

"ఏమనుకోకండి ఆంటీ. అంకుల్ కారు మొన్న ఎక్కామా, లోపల ఒకటే ముక్కిపోయిన వాసన. దీనికి కడుపులో తిప్పేసింది. రేపటికల్లా కాస్త చూస్తారా?"

మ్యాట్ల అక్క కారులో వాసనా! ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లను పంపించి, షెడ్డు ముందు కుర్చీలో పేపరు చదువుకుంటున్న మొగుడి ముందుకు వెళ్లి చెయ్యి చాపింది.

"తాళం."

"పక్కసీటుది ఉతుక్కో. వెనకవి ఉతుక్కో. నాది వద్దు" అన్నాడు పేపరు దించకుండా.

"ఏం, మీదానికేమన్నా జ్వరమా?"

ఆయన పేజీ తిప్పాడు. ఆమె ఆయన జేబులోంచే తాళం లాక్కుని వెళ్లి మ్యాట్లన్నీ పీకింది. ఇసుక, బిస్కెట్ల పొడి, ఎవరిదో చెవిపోగు, అన్నీ రాలాయి. ఒక్కోదాన్నీ గోడకేసి బాదుతూ ఒక్కో తిట్టు తిట్టింది. డ్రైవరు మ్యాటు వంతు వచ్చేసరికి, మడమ ఆనే చోట నల్లగా అట్టకట్టిన మరక కనబడింది. టీ ఒలకబోసుకుని ఉంటాడనుకుంది. వేళ్లతో తడిమి చూస్తే గ్లవు చిరిగి వేలు చురుక్కుమంది. నూలులో దిగబడి, అంచు పైకి తేలి, గాజుపెంకు ఒకటి ఉంది.

అక్క ఆ మరక వాసన చూసింది. వేడినీళ్ల గొట్టం పక్కన పెట్టేసి చన్నీళ్లు తెచ్చింది. నెత్తుటి మరకకు వేడినీళ్లు తగిలితే ఇక జన్మలో వదలదు. చన్నీళ్లు పోసి రుద్దుతుంటే ముందు గోధుమరంగులో, తర్వాత ఎర్రగా కారింది. ఒక్కనాటి నెత్తురు కాదది. పొరలు పొరలుగా ఉంది. గాజు మీద మడమ ఆనించి ఈ మనిషి రోజూ కారు నడిపాడు. ఆయనకు తెలియనే లేదు.

అప్పటిదాకా నోట్లో ఉన్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. మెషీను పెట్టి నీళ్లు లాగింది. వెనకసీట్ల అడుగులు హడావిడిగా దిగి, ఎప్పటిలాగే తుడిచిన నేలంతా తొక్కాయి. ఆమె తుడిచే కర్ర ముట్టలేదు. ఆఖర్న ఆయనవి దిగాయి. ఎడమ అడుగు శుభ్రంగా, అయిదు వేళ్లతో పడింది. దాని వెనకే కుడిది వచ్చింది. దానికి వేళ్లు లేవు. తడిగుడ్డ ఈడ్చినట్టు ఒక చార, అంతే. ఎడమది ఒక అడుగు వేసి, కుడిది వచ్చేదాకా ఆగుతోంది.

హాల్లో వదిలేసిన చెప్పు ఆమెకు గుర్తొచ్చింది. కాలికే ఉందిగా అన్న మాట గుర్తొచ్చింది. ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ముందు కోపమే నోటికి వచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి?"

ఆయన పేపరు మడిచాడు. "కొంచెం తిమ్మిరి. అంతే."

"తిమ్మిరా? గాజుపెంకు దిగబడితే తెలియనిది తిమ్మిరా? రేపు ఆ పసిపిల్లల్ని ఎక్కించుకుని, బ్రేకు మీద కాలుందో లేదో కూడా తెలియకుండా పోతారా?"

"ఇన్నేళ్లు నడిపాను. నాకు తెలీదా? చూపు ఉంది, చెవులున్నాయి..."

"కాలు లేదు!"

ఆ అరుపుకు తమ్ముడు నీళ్ల పైపు కట్టేసి వచ్చాడు. బావగారు మడిచిన పేపరునే మళ్లీ మడిచాడు. ఎవరికీ చెప్పనట్టుగా చెప్పాడు. "చెబితే తాళం లాక్కుంటావని."

అంతకంటే పెద్ద మాట ఆయన అనలేదు. కారు లేకపోతే తనెవరో తనకే తెలియని మనిషి ఆయన. అది అక్కకూ తెలుసు. తెలిసినా విసుగు తగ్గలేదు.

మ్యాట్లు తీగ మీద ఆరాయి. అక్క వాటిని తీసుకెళ్లి, దేని చోట దాన్ని పరిచింది. అడుగులు కారెక్కడానికి బయల్దేరాయి. బావగారి అడుగులు మెల్లగా ఈడ్చుకుంటూ కారు దాకా వచ్చి, డ్రైవరు తలుపు దగ్గర ఆగలేదు. ముందునుంచి చుట్టు తిరిగి, పక్కసీటు తలుపు దగ్గరకు వెళ్లి, బుద్ధిగా జంటగా నిలబడ్డాయి.

"అటు కాదు. ఇటు, ఇటు" అన్నాడు బావగారు కుర్చీలోంచి లేచి. దుకాణం ముందు తప్పిపోయిన పిల్లవాణ్ని పిలిచినట్టు పిలిచాడు. అవి కదల్లేదు.

ఇంతలో పక్కసీటు మ్యాటులోంచి దిగిన ఒంటి అడుగు, అక్క కుడికాలిది, నేల మీద లోతుగా తడి అద్దుకుంటూ వచ్చింది. మునివేళ్ల దగ్గర మరీ గట్టిగా నొక్కుకుపోయి ఉంది. అది ఎవరి వైపూ చూడకుండా డ్రైవరు తలుపులోంచి ఎక్కి, బ్రేకు కింద మ్యాటు మీద నిలబడి, అక్కడే ఇంకిపోయింది. పక్కసీటు తలుపు దగ్గరున్న జంట కూడా, ఇక ఆలస్యమెందుకన్నట్టు, లోపలికెక్కి ఇంకిపోయింది.

"మళ్లీ ఉతుకు" అన్నాడు బావగారు.

"ఉతకను. నా వల్ల కాదు."

ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తల గోక్కుని, "ఇంకాక ఇంకేం చేస్తాం బావగారూ. అక్కడ అక్క కాలి మాటే చెల్లుతుంది" అని వెళ్లి పైపు తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నం అక్క కారును గేటు దాటించి ఆయన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. దారి పొడుగునా ఆయన కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు. డాక్టరు మడమ చూసి, షుగరు చూసి, ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేసుంటే కాలు తీసేయాల్సి వచ్చేదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఏడ్చింది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే, ఆయన్ని తిడుతూనే ఏడ్చింది. ఆయన కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి, "గేరు మార్చవే" అన్నాడు మెల్లగా.

సోమవారం పొద్దున పిల్లలెక్కారు. వాసన లేదని పై వాటా అమ్మాయి మొహం విప్పారింది. కాలికి కట్టుతో బావగారూ ఎక్కాడు. ఎందుకండీ మీరు అంటే, దారి చూపిస్తానన్నాడు. ఆమె ఎన్నేళ్లుగానో ఎరిగిన దారే అది.

బడి ముందు మలుపు తిరుగుతుంటే సందులోంచి ఒక లారీ వెనక్కి వస్తూ అడ్డం పడింది. అక్క ఆలోచించను కూడా లేదు. కుడికాలి కిందకు బ్రేకు తనంతట తానే వచ్చింది. కారు మెత్తగా ఆగింది. వెనకసీటులో పై వాటావాళ్ల చిన్నది నిద్రలోంచి లేవలేదు.

పక్కసీటులో బావగారు రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి ఎడమకాలితో మ్యాటును నొక్కుతున్నాడు. లారీ వెళ్లిపోయినా నొక్కుతూనే ఉన్నాడు.

అక్క గేరు మార్చి, అటు చూడకుండానే అంది.

"కాలు తియ్యండి. మ్యాటు చిల్లు పడుతుంది."