రెండు వేళ్ల రాయి

దొర కాగితం మీద గీసింది ఇంగ్లండు చర్చి. కట్టింది మాత్రం మన రాతితో, మన సున్నంతో. చిత్తూరుకు పది మైళ్ల దూరంలో ఉన్న ఆ చర్చి 1931 నాటిది. కొనదేలిన సన్నటి కిటికీలు దొరవి. ముందున్న వెడల్పాటి పంచ, దాని తిన్నెలు మనవాళ్లవి. లోపల జనం కూర్చునే చోటుకీ బలిపీఠానికీ మధ్య పెద్ద రాతి కమాను ఉంది. ఎవరికైనా ముందు చూపు దానిమీదికే పోతుంది.

1981లో ఆ కమానును ఉంచాలా, కూల్చాలా తేల్చి రాసివ్వమని నన్ను పిలిచారు. ఓవర్సీరుగా ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ణి. ఎడమవైపు మూడో రాయి పక్క రాళ్లకంటే రెండు వేళ్లు కిందికి వేలాడుతోంది. రాయి జారిందనీ, కమాను తీసి కాంక్రీటు దూలం వేసుకోమనీ పది నిమిషాల్లో తేల్చేశాను. అనుభవం ముదిరితే వచ్చే జబ్బు ఇదే.

కూల్చే పనికి పాస్టరు దేవసహాయం పిలిపించిన మేస్త్రీ హిదాయతుల్లా. అరవై దాటిన మనిషి. ఆ కమాను కట్టింది వాళ్ల నాయనే. అతను నాతో వాదానికి దిగలేదు. నిచ్చెనెక్కి, ఆ రాయి నెత్తిన ఉన్న సున్నం తాపీతో గీకి, నన్నూ పైకి రమ్మన్నాడు. మోకాళ్లను తిట్టుకుంటూ ఎక్కాను.

"జారింటే పైన సందు ఉండాల గదా సార్. సూడండి, యాడుండాది? రాయి జారలేదు. రాయే పొడుగు."

నిజమే. పైన రాళ్లన్నీ ఒకే వరసలో ఉన్నాయి. నా ముప్పై ఏళ్ల అనుభవం ఆ నిచ్చెన మీదే సగం కరిగిపోయింది. దిగి, కమాను భేషుగ్గా ఉందని పాస్టరుతో చెప్పాను. అక్కడితో ఊరుకోవలసింది. రిపోర్టులో కారణం రాయాలి కదా అని, పాస్టరు ముందే, ఆ ఒక్క రాయి ఎందుకు పొడుగు పెట్టారని అడిగాను.

హిదాయతుల్లా దాచలేదు. కమాను మరీ బాగా కుదిరిందని వాళ్ల నాయనకు భయమేసిందట. చర్చిలో గుమ్మడికాయ కట్టనివ్వరు. అందుకే దిష్టి తగలకుండా ఒక రాయి కావాలనే పొడుగు పెట్టాడట.

పాస్టరు మంచివాడు. కోప్పడలేదు, నవ్వాడు. కానీ ఆ తర్వాతి ఆదివారం సంఘ పెద్దలు కూర్చుని, కమాను ఉండవచ్చు, ఆ రెండు వేళ్లు మాత్రం చెక్కేయాలని తీర్మానించారు. దేవుని మందిరంలో దిష్టిరాయి ఏమిటన్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే తప్పు లేదు. తప్పంతా నా నోటిది.

ఇంకొకరితో చేయించమని హిదాయతుల్లాకు చెప్పి చూశాను.

"వేరేవోడు కొడితే కమాను అదురుతాది సార్. మా నాయన పని. నేనే చేస్తా."

ఒక పూటంతా చెక్కాడు. చిన్న ఉలి, చిన్న దెబ్బలు. కింద బెంచీ మీద కూర్చుని చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. సాయంత్రానికి కమాను గీత గీసినట్టు వచ్చింది. పాస్టరు చాలాసేపు చూసి, ఇప్పుడు ఎక్కడా లోపమే లేదని మెచ్చుకున్నాడు.

హిదాయతుల్లా ఉలి తుడుచుకుంటూ నా పక్కకు వచ్చాడు.

"అదే సార్ భయం," అన్నాడు మెల్లగా.

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. మా ఇంటికి గుమ్మడికాయ కట్టనివ్వనివాణ్ణి. ఆ నవంబరులో రెండు రోజులు తుపాను పట్టుకుంది. గాలి తగ్గగానే మొదటి బస్సు పట్టుకుని ఆ చర్చికి వెళ్లాను. కమాను చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. హిదాయతుల్లా నాకంటే ముందే వచ్చి పంచలో తడిసిన తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ఎందుకొచ్చావని అతను నన్ను అడగలేదు. నేనూ అడగలేదు.